ఖాళీ గడిలో వ్రాసే విలువ
(పహాణీ కాగితం నుండి కంప్యూటరు దాకా ఒక గుమాస్తా చూచిన చరిత్ర)



ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు, నేను కుతుబ్ షాహీల గురించో, మొయినాబాద్ పక్కనున్న చిలుకూరు గుడి గురించో వ్రాస్తానని వారు అనుకొని ఉంటారు. అవి నాకంటే బాగా వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ముప్ఫై అయిదేండ్లు కచేరీల్లో అచ్చు ఫారాల ఖాళీలు నింపినవాణ్ణి. కావున ఆ ఖాళీ చరిత్రనే వ్రాస్తున్నాను. చదివినవారు ఇదేమి చరిత్ర అని నవ్వుకున్నా సరే, మీ ఇంట్లో కంప్యూటరు ఉద్యోగం చేసే పిల్లలుంటే వారికి ఒకసారి చూపించండి.

మాది షాబాద్ దగ్గర ఒక పల్లె. నౌకరీలో ఏ ఊరికి బదిలీ అయినా, "మీది షాబాదా? ఆ బండలు మీ ఊరివేనా?" అనేది మొదటి ప్రశ్న. కాదండీ అని చెప్పి చెప్పి నోరు నొచ్చింది. ఇళ్లలో పరిచే షాబాదు బండలు కర్ణాటకలో వాడి జంక్షను దగ్గరి షహాబాదు నుండి వస్తాయి. అది గుల్బర్గా జిల్లా, ఇప్పుడు కలబురగి అంటున్నారు. 1956 దాకా అదీ మన హైదరాబాదు రాష్ట్రంలోనిదే గనుక గందరగోళం ఇంకా ఎక్కువ. ఉత్తరప్రదేశ్ హర్దోయి జిల్లాలో ఒక షహాబాదు, హర్యానా కురుక్షేత్ర జిల్లాలో మరొకటి ఉన్నాయి. మనిషిని అడిగితే "ఏ షాబాదు? చేవెళ్ల పక్కదా?" అని తిరిగి అడుగుతాడు. యంత్రం అడగదు. మనం గడిలో ఏది వ్రాస్తే దాన్నే పట్టుకొని వెదుకుతుంది. నా వ్యాసమంతా ఈ సంగతి మీదనే.

మా మనుమరాలు హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రోగ్రాములు వ్రాస్తుంది. నీ పని ఏమిటమ్మా అని అడిగితే ఒకరోజు, "ఇవాళంతా క్వెరీలకు పారామీటర్లు సెట్ చేశాను తాతా" అన్నది. క్వెరీ అంటే సమాచారపు గిడ్డంగిని, అనగా డేటాబేసును, ప్రోగ్రాము అడిగే ప్రశ్న. పారామీటరు అంటే ఆ ప్రశ్నలో వదిలిపెట్టిన ఖాళీ. ఆ ఖాళీలోకి ఎప్పటికప్పుడు విలువను అందించడమే సెట్ చేయడం. ఓస్, ఇంతేనా, నేను జీవితమంతా చేసింది ఇదే గదా అన్నాను. తను నవ్వింది గాని, ఆలోచించిన కొద్దీ ఆ మాట నిజమేననిపించింది.

పహాణీ కాగితం గుర్తు చేసుకోండి. సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు, కాస్తుదారు పేరు, పంట, నీటి వసతి. గళ్లు అచ్చు వేసినవి, అవి మారవు. మారేది లోపల వ్రాసేది. నిజాం కాలంలో పట్వారీలు ఉర్దూలో నింపారు, తరువాతివారు తెలుగులో నింపారు. తెలంగాణలో ఈనాటికీ భూమి తగాదా వస్తే మొదట తీసేది 1954-55 నాటి ఖాస్రా పహాణీనే. 1984 జనవరిలో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. అంతకు ముందే 1978లో పాత హైదరాబాదు జిల్లాను విభజించి మన జిల్లా ఏర్పరచి, మొయినాబాద్ దగ్గరి పెద్దమంగళారంలో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డి గారి పేరు పెట్టారు. జిల్లా మారింది, మండలం వచ్చింది, పట్వారీ పోయాడు. పహాణీ గళ్లు మాత్రం దాదాపు అట్లే నిలిచాయి.

గడి నింపడానికి మనకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. చెక్కు మీద రూపాయలు అక్షరాలలో వ్రాసి "మాత్రమే" అని చేర్చేవాళ్లం. మిగిలిన జాగాలో గీత కొట్టేవాళ్లం, ఆ ఖాళీలో మరొకడు ఇంకేమీ కలపకుండా. నెలవారీ నివేదికలో వ్రాయడానికేమీ లేకపోతే గడిని ఖాళీగా పంపితే పై కచేరీ ఊరుకునేది కాదు, "నిల్" అని వ్రాసి పంపాలి. ఖాళీ అంటే మరచిపోయాడో, లేదో, తెలియదో ఎవరికి తెలుస్తుంది? సున్నా వేరు, నిల్ వేరు, ఖాళీ వేరు. ఈ మూడు కట్టుబాట్లనూ కంప్యూటరువాళ్లు మళ్లీ మొదటి నుండి కనుక్కోవలసి వచ్చింది. అందుకు వాళ్లకు ముప్ఫై ఏండ్లు పట్టింది. ఇది నేను గర్వంగా చెప్పడం లేదు, మనవాళ్లూ దెబ్బలు తిన్న తరువాతనే నేర్చుకున్నారు.

ఇప్పుడు మన జిల్లా సంగతి. 1988-89లో కేంద్ర ప్రభుత్వం భూమి రికార్డులను కంప్యూటరులోకి ఎక్కించే పథకాన్ని, నూరు శాతం ఖర్చు తానే భరించి, దేశంలో ఎనిమిది జిల్లాల్లో ప్రయోగంగా ప్రారంభించింది. ఒడిశాలో మయూర్‌భంజ్, మహారాష్ట్రలో వార్ధా, మధ్యప్రదేశ్‌లో మొరేనా, గుజరాత్‌లో గాంధీనగర్, రాజస్థాన్‌లో డూంగర్‌పూర్, అస్సాంలో సోనిత్‌పూర్, అప్పటి బీహారులో సింగ్‌భూమ్. ఆంధ్రప్రదేశ్ నుండి ఎంపికైనది మన రంగారెడ్డి జిల్లా. ఈ సంగతి మనవాళ్లలోనే చాలామందికి తెలియదు. దేశంలో పహాణీ గడి తెర మీదికి ఎక్కిన మొట్టమొదటి జిల్లాల్లో చేవెళ్ల, మొయినాబాద్, షాబాద్ ఉన్న జిల్లా ఒకటి.

ఆ పథకంతో సంబంధం లేని వేరొక సంఘటన చెబుతాను. అది 1990 దశకంలో నేను పనిచేసిన ఒక కచేరీలో జరిగింది. ఊరు పేరు, కచేరీ పేరు చెప్పను. అక్కడికి ఒక కంప్యూటరు వచ్చింది. బయటి కుర్రవాడొకడు ఫాక్స్‌ప్రోలో చిన్న ప్రోగ్రాము వ్రాసిపెట్టాడు. ఆ రోజుల్లో ఆఫీసుల్లో డీబేస్, ఫాక్స్‌ప్రోలదే రాజ్యం. తెర మీద ఒక గడి వస్తుంది, అందులో సర్వే నంబరు కొడితే పట్టాదారు పేరు కనపడుతుంది. దాని ముందు నన్ను కూర్చోబెట్టారు.

ఒక ముసలి రైతు వచ్చాడు. నంబరు 126/2 అన్నాడు. కొట్టాను. ఎవరిదో పేరు వచ్చింది. "ఈ పేరు నీది కాదు గదా?" అన్నాను. "కాదు సారూ, మా నాయిన కాలం నుంచి మాదే గదా ఆ చెల్క" అన్నాడు. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే పేరు. అప్పుడు నేను అన్న మాట ఈనాటికీ మరచిపోలేను. "కంప్యూటరు అబద్ధం చెప్పదు పెద్దమనిషీ, దరఖాస్తు పెట్టుకో" అన్నాను. ఆ మనిషి కచేరీ అరుగు మీద తలపట్టుకొని చాలాసేపు కూర్చొని, బస్సు పోయిన తరువాత నడిచి వెళ్లిపోయాడు.

మరునాడు మరొకడు 84/2 అన్నాడు. అతనికీ వేరే పేరు వచ్చింది. ఇంకొకడిది 126/5, "రికార్డు లేదు" అని వచ్చింది. నాకు అనుమానం తగిలింది. పాత రిజిస్టరు తీసి, తెర మీద వచ్చిన పేర్లు ఏ నంబరు కింద ఉన్నాయో వెదికాను. మొదటి పేరు 63వ నంబరుది. రెండోది 42వ నంబరుది. పెన్ను పట్టుకొని చాలాసేపు చూశాను. 126లో సగం 63, 84లో సగం 42! యంత్రం మా బై-నంబరును భాగహారం అనుకొని లెక్క కట్టింది. 126ను అయిదుతో భాగిస్తే 25.2 వస్తుంది, అటువంటి సర్వే నంబరు ఏ ఊళ్లోనూ ఉండదు గనుక "లేదు" అన్నది.

కుర్రవాణ్ణి పిలిపిస్తే సాయంత్రానికి దొరికింది. అతని రికార్డులో సర్వే నంబరుకు అంకెల గడి ఒకటి, సబ్ డివిజనుకు వేరే గడి ఒకటి ఉన్నాయి. తెర మీద మాత్రం ఒకటే పెట్టాడు. మేము అందులో కొట్టినదాన్ని తన ఆజ్ఞా వాక్యంలో ఉన్నదున్నట్లు అతికించేశాడు. ఫాక్స్‌ప్రోలో అండ్ గుర్తు పెట్టి అట్లా అతికించే సౌకర్యం ఉన్నది. కొట్టింది 126/2, అతికిన తరువాత యంత్రం చదివింది "సర్వే నంబరు సమానం 126 భాగించు 2" అని. దాని దృష్టిలో అది చేసిన తప్పేమీ లేదు.

నాలుగో రోజు గ్రామ సేవకుడి చేత ఆ రైతుకు కబురు పంపాను. వచ్చాడు. పాత రిజిస్టరులో అతని పేరు అతనికి చూపించాను. ఏమీ అనలేదు. "ఈ మూడు రోజులు ఇంట్ల పొయ్యి ముట్టియ్యలే సారూ" అన్నాడు, అంతే.

ఆ పొరపాటును ఇప్పుడు మనుమరాలితో చెబితే, "తాతా, అదే మాకు మొదటి పాఠం" అన్నది. ఆ పాఠం ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలని కొన్నాళ్లు పుస్తకాలు తిరగేశాను.

గళ్లు, విలువలు యంత్రానికి చూపించడం అమెరికాలో 1890 జనాభా లెక్కలతో మొదలైందని చెప్పుకోవచ్చు. హోలరిత్ అనే ఆయన కార్డుకు రంధ్రాలు పొడిచి, ఏ గడిలో రంధ్రం ఉంటే ఆ విలువ అని యంత్రం చేత లెక్క వేయించాడు. ఆయన కంపెనీయే కొన్ని కలయికల తరువాత 1924లో ఐబీఎం అయింది. అదే ఐబీఎంలో పనిచేసే కాడ్ అనే ఇంగ్లీషు మేధావి, సమాచారాన్నంతా పట్టికలుగా, మన రిజిస్టర్ల మాదిరి వరుసలు, గళ్లుగా పెట్టుకుంటే చాలునని 1970లో ఒక పత్రం ప్రకటించాడు. 1974లో చాంబర్లిన్, బాయిస్ అనే ఇద్దరు ఆ పట్టికలను ప్రశ్నించడానికి ఇంగ్లీషు వాక్యంలాంటి ఒక భాష తయారు చేశారు. దానిపేరు మొదట సీక్వెల్, ఆ పేరు వేరొకరి హక్కు అని తెలిసి ఎస్‌క్యూఎల్ చేశారు. 1986లో అమెరికా ప్రమాణాల సంస్థ దాన్ని ప్రమాణంగా స్వీకరించింది.

ఈ భాషను మనిషి నేరుగా కొట్టుకుంటే చిక్కు లేదు. ప్రోగ్రాము లోపల పెట్టినప్పుడే ఖాళీ ప్రశ్న వచ్చింది. ప్రోగ్రాము వ్రాసేవాడికి రేపు ఏ రైతు వస్తాడో తెలియదు. కావున వాక్యంలో సర్వే నంబరు ఉండవలసిన చోట ఒక గుర్తు పెట్టి వదిలేయాలి. ప్రమాణంలో రెండు చుక్కలు పెట్టి పేరు వ్రాసే పద్ధతి స్థిరపడింది. 1992 ప్రమాణంలో ఉత్త ప్రశ్నార్థకం గుర్తు కూడా చేరింది. అదే ఏడు మైక్రోసాఫ్ట్ వారి ఓడీబీసీ, 1997లో జావా భాషకు జేడీబీసీ వచ్చి, ఆ ప్రశ్నార్థకాలకు విలువలు అందించే పద్ధతిని ఊరూరా పరిచాయి. మా మనుమరాలు చూపించిన వాక్యాన్ని తెలుగులో చెప్పాలంటే ఇది:

"గ్రామం = ? మరియు సర్వే నంబరు = ? మరియు సబ్ డివిజను = ? అయిన వరుసలో పట్టాదారు పేరు ఇవ్వుము."

తరువాత విడిగా, ఒకటో ప్రశ్నార్థకానికి ఈ గ్రామం, రెండోదానికి 126 అనే అంకె, మూడోదానికి 2 అనే అక్షరం అని మూడు వరుసల్లో అందిస్తుంది. అంకె అయితే సెట్ ఇంట్, అక్షరాలయితే సెట్ స్ట్రింగ్, తేదీ అయితే సెట్ డేట్. లెక్క ఒకటి నుండి మొదలవుతుంది, సున్నా నుండి కాదు. కంప్యూటరువాళ్లు తక్కినవన్నీ సున్నా నుండి లెక్కపెట్టి, ఇక్కడ మాత్రం మనలాగా ఒకటి నుండి లెక్కపెడతారట. కొత్తవాళ్లు ఇక్కడ తప్పు చేస్తారని చెప్పింది.

ఇందులో కీలకం ఇది. ప్రశ్నార్థకాలతో కూడిన వాక్యం ముందుగా డేటాబేసుకు చేరుతుంది. అది వాక్యాన్ని చదివి, వ్యాకరణం సరిచూసి, ఏ దారిన వెదకాలో నిర్ణయించుకుంటుంది. వాక్యం అంతటితో స్థిరం. విలువలు ఆ తరువాత వేరే కవరులో వస్తాయి. ఆ కవరులో 126/2 అని ఉన్నా అది అక్షరాల మూట తప్ప భాగహారం కాబోదు. మన రోజుల్లో మెమో సైక్లోస్టైల్ చేసి పెట్టుకొని పేర్లు తరువాత నింపినట్లే. ఒక గ్రామంలో మూడు వందల నంబర్లకు పహాణీ తీయాలంటే వాక్యాన్ని మూడు వందల సార్లు చదివించనక్కర లేదు. ఒకసారి చదివించి, మూడు వందల కవర్లు వరుసగా అందిస్తే సరి.

వాక్యంలోనే అతికిస్తే ఇంకెన్ని వింతలు జరుగుతాయో తనూ నేనూ కూర్చొని చూశాము. ఖాస్రా పహాణీ సంవత్సరం 1954-55 అని కొటేషను గుర్తులు లేకుండా అతికిస్తే యంత్రం తీసివేత చేసి 1899 అన్నది! పుట్టిన తేదీ 4-7-1951 ఇస్తే మైనస్ 1954 అన్నది. కొటేషను పెట్టి అతికించినా బాధ తప్పదు. డిసౌజా వంటి పేరును ఇంగ్లీషులో వ్రాస్తే మధ్యలో పైన ఒక చిన్న గుర్తు ఉంటుంది. యంత్రం ఆ గుర్తు దగ్గరే పేరు ముగిసిందనుకొని, మిగిలింది అర్థం గాక ఆగిపోతుంది.

పేరు ముగిసిందనుకోవడమే దొంగకు దారి. మన భాషలో చెబుతాను. కచేరీలో ఒక అచ్చు మెమో ఉన్నదనుకోండి: "శ్రీ ............ గారి దరఖాస్తు తిరస్కరించడమైనది." దరఖాస్తుదారు తన పేరు గడిలో ఇట్లా వ్రాశాడు: "రామయ్య గారి దరఖాస్తు ఆమోదించడమైనది. శ్రీ సోమయ్య". టైపిస్టు ఆలోచించకుండా ఉన్నదున్నట్లు కొట్టాడు. ఇప్పుడు మెమో చదవండి: "శ్రీ రామయ్య గారి దరఖాస్తు ఆమోదించడమైనది. శ్రీ సోమయ్య గారి దరఖాస్తు తిరస్కరించడమైనది." కింద అధికారి సంతకం, పైన కచేరీ ముద్ర. పేరు అడిగితే ఆజ్ఞ వచ్చి కూర్చున్నది.

వాక్యాలను అతికించే ప్రోగ్రాములను ఈ విధంగా మోసగించవచ్చునని 1998 డిసెంబరులో ఫోరిస్టల్ అనే అమెరికను ఒక పత్రికలో బహిరంగంగా వివరించాడు. తరువాత దీనికి ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అని పేరు వచ్చింది. మందు ఎక్కించినట్లు గడిలోంచి ఆజ్ఞ ఎక్కించడం. 2009లో అమెరికాలో దాఖలైన ఒక అభియోగపత్రం ప్రకారం, హార్ట్‌లాండ్ అనే చెల్లింపుల కంపెనీ నుండి, మరికొన్ని సంస్థల నుండి 13 కోట్లకు పైగా బ్యాంకు కార్డుల నంబర్లు తస్కరింపబడ్డాయి. అందుకు వాడిన ఉపాయం ఇదే. 2015లో ఇంగ్లండులో టాక్‌టాక్ అనే టెలిఫోను కంపెనీ నుండి లక్షా యాభై ఏడు వేలమంది ఖాతాదారుల వివరాలు ఇదే దారిన పోయాయి, మరుసటి ఏడు ఆ కంపెనీకి నాలుగు లక్షల పౌండ్ల జరిమానా పడింది. మందు ముందే ఉన్నది. ప్రశ్నార్థకం పెట్టి, విలువను విడిగా అందిస్తే రామయ్య గారు ఎంత పొడుగు పేరు వ్రాసుకున్నా అది ఒక పేరే, అటువంటి పేరుగలవాడు లేడని తెలుస్తుంది. తెలిసి కూడా ఎందుకు అతికిస్తారమ్మా అని అడిగితే, "తొందర తాతా" అన్నది. ఆ జవాబు నాకు కొత్త కాదు.

ప్రశ్నార్థకం పెడితే అన్నీ కుదిరిపోతాయనుకోకండి. మన "నిల్" ఇక్కడ మళ్లీ వస్తుంది. డేటాబేసులో నల్ అని ఒకటి ఉన్నది, విలువ తెలియదు అని దాని అర్థం. ఇది సున్నా కాదు, ఖాళీ అక్షరం కూడా కాదు. తండ్రి పేరు నమోదు కాని పట్టాదారులను వెదకాలంటే "తండ్రి పేరు = ?" అని పెట్టి నల్ అందిస్తే ఒక్కరు కూడా దొరకరు. తెలియనిది మరో తెలియనిదానితో సమానమని యంత్రం ఒప్పుకోదు. దానికి వేరే వాక్యం, "తండ్రి పేరు నల్ అయిన" అని వ్రాయాలి. ఒరాకిల్ అనే ప్రసిద్ధ డేటాబేసు మాత్రం ఖాళీ అక్షరాన్ని కూడా నల్‌గానే చూస్తుంది. ఒక కచేరీ కట్టుబాటు మరొక కచేరీకి సరిపడదన్న మాట.

ఇక తేదీ. ఇది మన పెన్షనర్లందరికీ సంబంధించినది. మనకు 4-7 అంటే జూలై నాలుగు, అమెరికావారికి ఏప్రిల్ ఏడు. అక్షరాలుగా అందిస్తే ఏ యంత్రం ఎట్లా చదువుతుందో దాని అమరిక మీద ఆధారపడుతుంది. ఒక సంస్థ రికార్డులో నా పుట్టినరోజు మూడు నెలలు ముందుకు జరిగి, అది సరిచేయించడానికి పదవ తరగతి సర్టిఫికెట్టు పట్టుకొని నాలుగు సార్లు తిరిగాను. పుట్టిన తారీఖు పన్నెండు దాటినవారు అదృష్టవంతులు, పదమూడో నెల లేదు గనుక యంత్రం అక్కడ తడబడి బయటపడుతుంది. తేదీని తేదీగానే సెట్ డేట్‌తో అందిస్తే ఈ బాధ లేదట.

తెలుగు అక్షరాల సంగతి మన ప్రాంతానికి మరీ ముఖ్యం. తెలంగాణ రికార్డుల్లో సబ్ డివిజన్లు అంకెలతోనే గాక 126/అ, 126/ఆ, 126/ఇ, 126/ఈ అని కూడా ఉంటాయి. ఇంగ్లీషులోకి మార్చినప్పుడు అ అనేది ఒక ఏ, ఆ అనేది రెండు ఏలు, ఇ అనేది ఒక ఈ, ఈ అనేది రెండు ఈలు అయ్యాయి. ఒక అక్షరం తక్కువ కొడితే తమ్ముడికి అన్న భూమి కనపడుతుంది! భారతీయ లిపులకు ఇస్కీ అనే ప్రమాణం 1991లో స్థిరపడింది, అదే సంవత్సరం వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు కూడా ఉన్నది. అయినా మైక్రోసాఫ్ట్ వారి ఒక డేటాబేసులో, ఇది యూనికోడ్ అక్షరమని చెప్పకుండా తెలుగు మాటను వాక్యంలో అతికిస్తే, ఆ అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు పడతాయి. పారామీటరుగా, యూనికోడ్ అని రకం చెప్పి అందిస్తే అక్షరం అక్షరంగా నిలుస్తుంది.

ఊరి పేరు అందించడం కంటే ఊరి కోడు అందించడం మేలు. షాబాద్, షాబాదు, షహాబాద్ అని ముగ్గురు మూడు విధాలుగా వ్రాస్తారు, సెన్సస్‌వారు ఇచ్చే కోడు ఒక్కటే. బండల షహాబాదుకు దాని కోడు దానికి ఉన్నది. ఇరవై ఏండ్లు నేను పడ్డ బాధకు ఇంత చిన్న మందు!

మరొక పరిమితి ఉన్నది. ప్రశ్నార్థకం విలువకే గాని పట్టిక పేరుకు, గడి పేరుకు పనికిరాదు. ప్రతి సంవత్సరపు పహాణీ వేరే పట్టికగా ఉంటే, "ఏ పట్టికలో వెదకాలి" అనేదాన్ని ప్రశ్నార్థకంగా వదలడానికి వీలు లేదు. ఎందుకంటే వాక్యం చదివేటప్పుడే ఏ రిజిస్టరు తెరవాలో డేటాబేసుకు తెలియాలి. అటువంటప్పుడు అనుమతించిన పట్టికల జాబితా ప్రోగ్రాములోనే పెట్టుకొని, అందులోంచి ఎంచుకోవాలట. రికార్డు రూములోకి వచ్చినవాడు ఏ నంబరు అడిగినా ఇస్తాం గాని, ఏ బీరువా తెరవాలో వాడి చేతికి వదలం గదా.

మన దగ్గర తరువాతి చరిత్ర మీకు తెలిసినదే. 1998లో రిజిస్ట్రేషన్లకు కార్డ్ పథకం వచ్చింది, 2001లో ఈసేవ, 2011లో మీసేవ. 2020 అక్టోబరు 29న ధరణి మొదలై, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలోకి భూభారతి వచ్చింది. ధరణి మంచిచెడ్డల మీద రాజకీయంగా ఎంతో చర్చ జరిగింది, అది ఈ పత్రికకు తగినది కాదు. భూమి ఎవరిదని అడిగే వాక్యంలో గ్రామం, సర్వే నంబరు అనే ఖాళీలు మాత్రం పట్వారీ నాడు ఎట్లా ఉన్నాయో అట్లే ఉన్నాయి.

చివరగా మా మండలపు సంగతి ఒకటి. 2020 నవంబరులో అమెజాన్ కంపెనీ 20,761 కోట్ల రూపాయలతో హైదరాబాదు చుట్టుపక్కల డేటా కేంద్రాలు పెడుతుందని ప్రకటించారు. ఆ చోట్లలో ఒకటి షాబాద్ మండలం చందనవెల్లి. 2022 నవంబరులో ఆ కంపెనీ వారి హైదరాబాదు రీజియన్ పని మొదలుపెట్టింది. జొన్నలు, పత్తి చూచిన నేల మీద ఇప్పుడు కిటికీలు లేని పెద్ద షెడ్లు ఉన్నాయి. లోపలికి మనల్ని రానీయరు. ఎవరెవరి ప్రశ్నలు, ఎవరెవరి విలువలు అక్కడికి వచ్చి పోతుంటాయో! మనుమరాలి ప్రోగ్రాము కూడా అక్కడి యంత్రాల మీదనే నడుస్తుండవచ్చునట. ఆ షెడ్ల కింది భూమికి కూడా సర్వే నంబర్లున్నాయి, బై-నంబర్లున్నాయి.

కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు తను, "తాతా, నా ప్రోగ్రామును పరీక్షించడానికి నాలుగు విలువలు చెప్పు" అన్నది. పాత అట్ట ఫైలు వెనుక వ్రాసి ఇచ్చాను. సర్వే నంబరు 126/2. సర్వే నంబరు 126/ఆ. పట్టాదారు పేరు డిసౌజా, పైన గుర్తుతో సహా. పుట్టిన తేదీ 4-7-1951. తండ్రి పేరు ఖాళీ. నాలుగడిగితే అయిదు ఇచ్చాను.

రాత్రి భోజనాల తరువాత ఒక్కొక్కటే కొట్టింది. 126/2కు సరైన మనిషి వచ్చాడు. డిసౌజా వచ్చాడు, తేదీ నిలిచింది, ఖాళీ కూడా కుదిరింది. 126/ఆ దగ్గర "రికార్డు లేదు" అని వచ్చింది. "ఇదెట్లా తాతా?" అని పదకొండు గంటల దాకా దాని ముందే కూర్చున్నది. మా ఇంటి వసారాలో, షాబాదు బండ మీద.